అనపకాయ పట్టిక: ఎక్స్‌ఎంఎల్‌లో గడి లెక్క

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం వైపు ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు మాటల్ని ఒక పట్టికగా రాసిపెట్టుకోవాలని మన విభాగంలో చాలామందికి ఉంది. మాట, అది విన్న తాలూకా, కన్నడంలో ఏమంటారో, అంతే. నాలుగు వందల మాటలైతే చేత్తో సరిచూసుకోవచ్చు. నాలుగు వేలైతే ప్రోగ్రామే చదవాలి. అక్కడుంది తిరకాసు. మన కంటికి మాట కనిపించే చోట ప్రోగ్రాము 'గడి ఖాళీ' అనొచ్చు. కంప్యూటర్ పేపర్ తీసుకోని వాళ్ళకు కూడా అర్థమయ్యేలా ఆ సంగతి రాస్తున్నాను.

ఇప్పటి వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పితే లోపల డాక్యుమెంట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలుంటుంది. అందులో పట్టికకు టీబీఎల్, అడ్డవరుసకు టీఆర్, గడికి టీసీ అని ట్యాగులు. (ఈ టీసీ కాలేజీ వదిలేటప్పుడు ఇచ్చే కాగితం కాదు, టేబుల్ సెల్!) పట్టికలో వరుసలు, వరుసలో గడులు, గడిలో పేరా, పేరాలో మాట. అంటే గడిలో నేరుగా మాట ఉండదు. ఏమీ రాయని గడిలో కూడా చివర ఒక పేరా ఉండి తీరాలి. లేకపోతే ఫైలు పాడైందని వర్డ్ మొరాయిస్తుంది.

ఇవన్నీ ప్రతిసారీ మనమే చూసుకోలేం కాబట్టి గడికి ఒక క్లాసు రాస్తారు. క్లాసంటే మన తరగతి గది కాదు, ఇటుకల అచ్చు లాంటిది. అచ్చు ఒకటే, గడులు ఎన్నైనా. ఈ అచ్చులో పోసిన ప్రతి గడికీ తనలోని మాట చెప్పడం, పేరా చేర్చుకోవడం, పక్క గడితో కలవడం వచ్చు. పైథాన్-డాక్స్ అనే లైబ్రరీలో ఈ క్లాసు సిద్ధంగా ఉంది. గడిలో ఇంకో చిన్న పట్టిక పెట్టమంటే పెట్టి, దాని కింద ఖాళీ పేరా తనే చేరుస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. సెల్ డాట్ టెక్స్ట్‌కు కొత్త మాట ఇస్తే గడిలో ఉన్న పాతదంతా తుడిచేస్తుంది. అమ్మమ్మ చెప్పిన అర్థం కింద ఇంకో అర్థం చేర్చాలంటే యాడ్ పేరాగ్రాఫ్ వాడాలి.

ఇక అసలు విషయం, గడులు కలపడం. చలికాలంలో మనకు అనపకాయలే కదా. ఎడమవైపు 'అనపకాయ' అని ఒక్కసారి రాసి, ఎదురుగా మూడు వరుసల్లో కాయ, గింజ, పితికిపప్పు అని రాశామనుకోండి. పక్కన కన్నడంలో అవరెకాయి, హితికిద బేళె వగైరా. అందం కోసం ఎడమవైపు మూడు గడుల్నీ నిలువునా కలిపేస్తాం. కంటికి ఒకటే పెద్ద గడి. ఎక్స్‌ఎంఎల్‌లో మాత్రం మూడు టీసీలూ ఉంటాయి. మొదటిదాని మీద వీమెర్జ్ రీస్టార్ట్ అని గుర్తు, మిగతా రెండింటి మీద 'పైదానికి కొనసాగింపు' అని గుర్తు, లోపల ఖాళీ పేరా. టీసీలను నేరుగా చదివే ప్రోగ్రాముకు పితికిపప్పు ఏ కాయదో తెలియదు, దిక్కులేనిదైపోతుంది. లైబ్రరీలో వరుసను అడిగితే పై గడినే మళ్ళీ ఇస్తుంది, కాబట్టి అనపకాయ మూడుసార్లు వస్తుంది. చదవడానికి అది మంచిదే. మాటలు లెక్కపెడితే మాత్రం ఒక్క మాట మూడవుతుంది. అడ్డంగా కలిపితే కథ వేరు. అక్కడ గడులు నిజంగానే తగ్గి, మిగిలినదాని మీద గ్రిడ్‌స్పాన్ 2 అని పడుతుంది. ఎక్సెల్‌లో కలిపితే ఇంకా నష్టం, ఎడమ పై గడిలోది తప్ప మిగతావన్నీ పోతాయి.

అందుకే మన పట్టికలో గడులు కలపొద్దని నా మాట. చూడ్డానికి బాగోకపోయినా అనపకాయ అని మూడుసార్లు రాద్దాం.

లిపి గురించి భయం అక్కర్లేదు. కైవారం తాతయ్య తెలుగు కీర్తనల్ని కన్నడ లిపిలో చదువుకునే సీమ మనది. ఇంట్లోవాళ్ళు తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాసిచ్చినా తీసుకోండి. యూనికోడ్‌లో రెండు లిపులూ పక్కపక్కనే ఉన్నాయి. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' 3221, తేడా 128. చాలా అక్షరాలకు ఇదే తేడా కాబట్టి మార్చే పని కూడా మన క్లాసుకే నేర్పొచ్చు.

వర్డ్ వద్దు, సొంతంగా రాసుకుందామంటే ట్యాగుల పేర్లే తెలుగులో పెట్టుకోవచ్చు. 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ మొదటి ప్రమాణంలోనే అందుకు వీలుంది:

<గడి తాలూకా="చింతామణి">అనపకాయ</గడి>

వర్డ్‌కు ఇది పట్టికలో గడి అని తెలియదు. కానీ ఎక్స్‌ఎంఎల్ చదివే పార్సర్లు దీన్ని తప్పుపట్టవు.