ఆ 174 ఎవరిది?



నువ్వు పంపిన వాచీ గ్రాఫ్ చూశాను. స్నేహితురాలితో కబుర్లాడుతూ మెల్లగానే పరుగెత్తావట. మొదట్లో 130 దగ్గర ఉన్న హార్ట్ రేట్ ఉన్నట్టుండి 174కి ఎగబాకి, చివరిదాకా గీత గీసినట్టు అక్కడే నిలబడింది. గుండెకేమైనా అయిందేమోనని హడలిపోయి, ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్ మానేద్దామా అని అడుగుతున్నావు. ఆ గ్రాఫ్ కిందే కేడెన్స్ అని ఇంకో గీత ఉంటుంది, అది చూశావా? అంటే నిమిషానికి నువ్వు వేసిన అడుగులు. అక్కడా 174కి అటూ ఇటూగానే ఉంటే ఆ లెక్క నీ గుండెది కాదు, నీ కాళ్లది.

వాచీ వెనక మిణుకుమిణుకుమనే పచ్చ లైట్లు చర్మంలోకి వెలుగు పంపుతాయి. రక్తం పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టుకి కాస్త ఎక్కువ రక్తం చేరుతుంది, తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే వాచీకి ఆధారం. బిందెలో నీళ్ల మీద చిన్న అలల్ని లెక్కపెడుతుంటే ఎవరో బిందెనే పట్టుకుని ఊపారనుకో, పరుగులో చేతి ఊపు చేసే పని అదే. అడుగు పడినప్పుడల్లా చెయ్యీ, వాచీ, లోపలి రక్తమూ కదులుతాయి. ఆ కదలిక బలమైనది, పైగా లయ తప్పనిది. సాఫ్ట్‌వేర్ దాన్నే పట్టుకుని నాడి అనుకుంటుంది. మెల్లగా పరుగెత్తేవాళ్ల అడుగులు కూడా చాలామందికి 160, 180 మధ్యే పడతాయి. గట్టిగా పరుగెత్తినప్పటి గుండె వేగమూ ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి అంకె చూసి ఎవరికీ అనుమానం రాదు.

ఎదకి కట్టుకునే చెస్ట్ స్ట్రాప్ సంగతి వేరు. ప్రతి స్పందనకూ ముందు గుండెలో పుట్టే విద్యుత్తును అది పట్టుకుంటుంది. నేను ఆసుపత్రి సర్వీసులో ఈసీజీ గదిలో జెల్ రాసి లీడ్లు అంటించి చేసిన పనే, కాకపోతే అక్కడ పది ఎలక్ట్రోడ్లు, ఇక్కడ రెండే. ఈ వైర్లు లేని పద్ధతిని మొదట బజారులోకి తెచ్చింది ఫిన్లాండ్ కంపెనీ పోలార్, 1980ల మొదట్లో. స్ట్రాప్ నీకు స్పందనల లెక్క చెబుతుంది, జబ్బు చెప్పదు.

మణికట్టుకీ గుండెకీ లెక్క కుదరకపోవడం వాచీలతో పుట్టిన సంగతేమీ కాదు. గుండె లయ తప్పిన రోగి వార్డులో ఉంటే ఇద్దరం నిలబడేవాళ్లం. ఒకరు ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు పెట్టి, ఇంకొకరు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, ఒకే గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టేవాళ్లం. ఎద మీద 110 వస్తే చేతి దగ్గర 90 రావచ్చు. ఇద్దరి లెక్కా నిజమే. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ కొన్ని దెబ్బలు రక్తాన్ని చేతిదాకా నెట్టేంత బలంగా ఉండవు. ఆ తేడాని పల్స్ డెఫిసిట్ అని కేసు షీటులో రాసేవాళ్లం. డాక్టరుగారు ముందు చూసేది ఆ గడినే.

అలాగని వాచీ దండగ అనను. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 50 మంది ఆరోగ్యవంతుల్ని ట్రెడ్‌మిల్ ఎక్కించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఈసీజీతో పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, స్ట్రాప్‌కి 0.99 వచ్చింది. చేతి వాచీలకి 0.83 నుంచి 0.91 దాకా వచ్చింది. అవి పాత మోడళ్లు, ఇప్పుడొస్తున్నవి మెరుగే. మన చామనఛాయ చర్మానికి ఈ లైట్లు సరిగా పనిచెయ్యవేమో అని నీకు అనుమానం రావచ్చు. డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2020లో రకరకాల చర్మపు రంగులవాళ్లు 53 మందిని పరీక్షించారు. రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కదలిక వల్ల మాత్రం కనబడింది. ఊరికే కూర్చున్నప్పటి కంటే పనిలో ఉన్నప్పుడు పొరపాటు సగటున 30 శాతం ఎక్కువ. అసలు నమ్మకూడనిది క్యాలరీల అంకె. 2017లోనే స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు పరికరాలు చూస్తే, అన్నిటికంటే నయమైనది కూడా క్యాలరీల్లో 27 శాతం తప్పింది. అది చూసుకుని పులిహోర మారు వడ్డించుకోకు.

కాబట్టి నిద్రకీ, పొద్దున లేచేసరికి ఉండే హార్ట్ రేట్‌కీ, నడకకీ వాచీ చాలు. పరుగుకి వెళ్లేటప్పుడు మణికట్టు ఎముక మీద కాకుండా రెండు వేళ్లు పైకి జరిపి, కదలనంత బిగించు. వచ్చాక వదులు చెయ్యి. ఆ చేతికి గాజులు వద్దు. వేగంగా ఒక నిమిషం, మెల్లగా ఒక నిమిషం అంటూ ఇంటర్వెల్స్ చేసే రోజున మాత్రం స్ట్రాప్ కట్టుకో. వాచీ కొన్ని సెకన్లు వెనకబడుతుంది, అది పైకెక్కేలోపు నీ నిమిషం అయిపోతుంది. స్ట్రాప్‌కి లోపలివైపు ఉండే ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడిపి కట్టుకో. పొడిగా కడితే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు చూపిస్తుంది. ఇంటికొచ్చాక సెన్సర్ పాడ్ ఊడదీసి పట్టీ కడిగి ఆరెయ్యి. లేకపోతే ఉప్పు పేరుకుని పట్టీ పాడవుతుంది, తడికి బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది.

రెండూ చేతిలో లేని రోజున ఆగి, మణికట్టు మీద వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. ఆగిన వెంటనే లెక్కపెట్టాలి, ఆలస్యమైతే వేగం పడిపోతుంది. కబుర్లాడుతూ పరుగెత్తినప్పుడు స్ట్రాపూ వేళ్లూ కూడా 174 అంటే నాకు వాట్సాప్ పెట్టకు, డాక్టరు దగ్గరికి వెళ్లు. ఎదలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడదడలాడి తప్పి తప్పి కొట్టుకోవడం, వీటిలో ఏది వచ్చినా వాచీ 110 చూపిస్తున్నా సరే ఆగిపో. తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యి.

ఇంకొక్క మాట, ఇది మీ నాన్న గురించి. బీపీకి ఆయన వేసుకునే మెటోప్రొలాల్ మాత్ర గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతుంది. వాచీకి ఆ సంగతి తెలియదు. 220లోంచి వయసు తీసేసి హార్ట్ రేట్ జోన్లు గీసేస్తుంది. ఎంత నడిచినా పై జోన్‌కి చేరట్లేదని ఈమధ్య అన్నయ్య పార్కులో రొప్పుతూ పరుగు మొదలుపెట్టాడట. తన జోన్లు ఎంతో డాక్టరుగారిని అడిగేదాకా వాచీలో జోన్ అలారం ఆపెయ్యమని చెప్పు. నా మాట వినడు, నువ్వు చెబితే వింటాడు.

ఇట్లు,
మీ మేనత్త