బావికి దూరంగా ఉన్న వరుస

కవిటిలో కొబ్బరితోట ఉన్న ఏ రైతుకైనా తెలిసిన సంగతే. బావి పక్క చెట్లు పెద్దగా శ్రమ లేకుండానే కాస్తాయి. రైతు ఓపిక తేలేది నీళ్లు ఆఖరున చేరే వరుస దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడినప్పుడు కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తేడా లేకుండా నేలకూలాయి. మళ్లీ మొక్కలు నాటినవాళ్లు బావి పక్కన నాలుగు గుంతలు తీసి ఊరుకోలేదు, తోట అవతలి గట్టు దాకా తీశారు.

పిల్లల విషయానికి వచ్చేసరికి మనం ఈ తెలివిని ఇంటి బయటే వదిలేస్తాం. దసరా పందిట్లో ఓ పిల్లవాడు ఒక పాట బాగా పాడతాడు, చప్పట్లు మోగుతాయి. మరుసటి ఏడూ అదే పాట. చుట్టాలొచ్చినా అదే పాట. పదేళ్లు గడిచాక వాడికి ఆ ఒక్క పాటే మిగులుతుంది.

మంగళంపల్లి మురళీకృష్ణకు ఇంతకంటే పెద్ద ప్రమాదమే ఎదురైంది. 1930 జులై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన ఈ పిల్లవాడు పొత్తిళ్లలో ఉండగానే తల్లిని పోగొట్టుకున్నాడు. తండ్రి పట్టాభిరామయ్య సంగీతం తెలిసిన మనిషి. కొడుకు గొంతు చూసి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేర్చాడు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆపైన సాక్షాత్తూ త్యాగరాజస్వామి. ఎనిమిదేళ్లకే మురళీకృష్ణ విజయవాడలో త్యాగరాజ ఆరాధన సభలో పాడితే పెద్దలు నివ్వెరపోయారు. ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ పిల్లవాడి పేరుకు ముందు 'బాల' చేర్చి బాలమురళీకృష్ణను చేశారు. 86 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ మాట ఆయన పేరును వదల్లేదు.

అంత పొగడ్త మోసుకుంటూ పెరిగే పిల్లవాడు సాధారణంగా ఏం చేస్తాడు? వచ్చినదాన్నే ఇంకాస్త నగిషీ పెట్టి పాడుకుంటాడు. ఈయన 72 మేళకర్తల పట్టిక ముందు పెట్టుకు కూర్చున్నాడు.

ఆ పట్టిక సంగతి కొంచెం చెప్పుకోవాలి. జనక రాగాలకు 17వ శతాబ్దంలో వేంకటమఖి వేసిన లెక్క అది. రిషభ గాంధారాలు కలిసే తీరులు ఆరు, ధైవత నిషాదాలు కలిసే తీరులు ఆరు. అంటే ముప్పై ఆరు. మధ్యమం శుద్ధమైతే ఒక ముప్పై ఆరు, ప్రతి మధ్యమమైతే ఇంకో ముప్పై ఆరు. ఇందులో శంకరాభరణం, కల్యాణి, ఖరహరప్రియ బావి పక్క చెట్లు. గొంతు ఎత్తితే చాలు, సభ తల ఊపుతుంది. కానీ 72లో 40 వివాది మేళాలు. పక్కపక్కనే ఉన్న స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, చెవికి ఓ పట్టాన ఇంపుగా ఉండవు. చాలామంది విద్వాంసులు వాటి జోలికే వెళ్లేవారు కాదు. టీనేజీ దాటకముందే మొదలుపెట్టి బాలమురళి ఆ 72లోనూ కృతులు కట్టారు. 1952లో అవి 'జనక రాగ కృతి మంజరి'గా అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు నిండా పాతికేళ్లు లేవు. ఎనిమిదో ఏట కచేరీ కంటే ఈ పుస్తకమే ఆయన గురించి ఎక్కువ చెబుతుంది. ఆ కచేరీలో గొంతు కనిపిస్తుంది, ఇందులో మనిషి కనిపిస్తాడు.

బాలమేధావి అనగానే లోకం మోజార్ట్ పేరు చెబుతుంది. ఆయనకో అక్క ఉండేదని మాత్రం తక్కువమంది చెబుతారు. నాలుగున్నరేళ్లు పెద్దదైన నానెర్ల్ కూడా తమ్ముడితో కలిసి యూరప్ నగరాల్లో వాయించి ఔరా అనిపించింది. 1769లో తండ్రి కొడుకును వెంటబెట్టుకుని ఇటలీ బయల్దేరాడు. పద్దెనిమిదేళ్ల నానెర్ల్ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పిల్లకు దూరపు వరుసలో గుంతే తీయలేదు. ఉద్దానంలోనూ పదో తరగతితో పాట ఆపేసిన ఆడపిల్లలు వీధికొకరు దొరుకుతారు, వాళ్లకు ఆసక్తి పోయిందని అనడం మనకు తేలిక.

బాలమురళి దగ్గరకు వద్దాం. మొత్తం 72 పూర్తి చేసినవాడు తర్వాత ఎదురు దిశలో నడిచాడు. లవంగి, మహతి, సుముఖం లాంటి నాలుగు స్వరాల రాగాలు అల్లాడు. రాగమంటే కనీసం ఐదు స్వరాలుండాలని సంప్రదాయం పట్టుబట్టింది. 1980ల తొలి ఏళ్లలో వీణ ఎస్. బాలచందర్ ఈ రాగాల విషయమై గట్టిగా ధ్వజమెత్తారు. ఆ తగవులో ఎవరిది ఒప్పన్నది విద్వాంసులు తేల్చుకోవాలి. మామూలు పాఠకుడికి ఆసక్తి కలిగించేది ఒక్కటే: యాభై దాటి, పేరూ ప్రతిష్ఠా పొంది, 1967లో 'భక్త ప్రహ్లాద'లో నారదుడిగా తెరమీద కూడా కనిపించిన మనిషి తప్పు పట్టించుకునే పనికి ఇంకా సిద్ధంగానే ఉన్నాడు.

ఆయన తీసిన దూరపు గుంత ఇంకొకటి ఉంది. గాయకుడంటే వేదిక నడిమధ్య కూర్చునేవాడు. ఎనిమిదేళ్లకే ఆ చోటు దక్కిన బాలమురళి వయోలా, మృదంగం, కంజీరా కూడా పట్టుకున్నారు. తోటి విద్వాంసులు పాడుతుంటే పక్కన కూర్చుని వాళ్ల పాటకు వాయించారు.