దిగేటప్పుడే పాలు పట్టండి

ప్రశ్న: మాది తరిగొప్పుల. మా ఆయన దుబాయ్‌లో ఏసీ మెకానిక్. పాపను ఇంకా ఫోన్‌లోనే చూస్తున్నాడు. వచ్చే నెల మమ్మల్ని రమ్మని టికెట్లు తీశాడు. పాపకు ఎనిమిదో నెల, 8 కిలోలుంది. నేను విమానం ఎక్కడం ఇదే మొదలు. "చంటిపిల్ల చెవులు పగుల్తయి, గుండె తట్టుకోదు" అని వాడకట్టులో అందరూ భయపెడుతున్నారు. పైగా పాపకు మాటిమాటికి జలుబు. చెవుల్లో నూనె చుక్కలేసి దూది పెడితే సరిపోతుందా? దారిలో ఏం తినిపించాలి?

జవాబు: అమ్మా, ముందు గుండె సంగతి. విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగిరినా లోపలి గాలిని 6 నుంచి 8 వేల అడుగుల కొండమీద ఉన్నట్టు ఉంచుతారు. ఊటీ సుమారు 7,350 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడికి పసిపిల్లల్ని ఎత్తుకుని ఎందరో వెళ్లొస్తుంటారు. మీ పాప నెలలు నిండి పుట్టి, బాగా పాలు తాగుతూ, బరువు పెరుగుతుంటే ఆ గాలి సరిపోతుంది.

ఇక చెవులు. కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది. అక్కడి నుంచి ముక్కు వెనక భాగానికి సన్నటి గొట్టం ఉంటుంది. మనం గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకుని లోపలి గాలినీ బయటి గాలినీ సమానం చేస్తుంది. విమానం పైకి లేచేటప్పుడు లోపలి గాలి తేలిగ్గానే బయటికి పోతుంది. చిక్కంతా దిగేటప్పుడే. బయట ఒత్తిడి పెరిగి గొట్టం మూతి నొక్కుకుపోతుంది, కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం సన్నగా, పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి వాళ్లకు మనకంటే ఎక్కువ నొప్పి. కర్ణభేరి పగలడం మాత్రం చాలా అరుదు.

నూనె, దూది ఈ గొట్టం దాకా పోనే పోవు. ఆ గొట్టాన్ని తెరిచేది ముఖ్యంగా గుటకే. అందుకే పాలను దిగే సమయానికి దాచిపెట్టండి. చాలామంది తల్లులు విమానం ఎక్కగానే కడుపునిండా పట్టేస్తారు. తీరా దిగేటప్పటికి బిడ్డకు ఆకలి ఉండదు, రొమ్ము అందుకోదు. నేల తాకడానికి సుమారు అరగంట ముందే విమానం కిందికి దిగడం మొదలవుతుంది, మీ చెవుల్లో కూడా బిగుతు తెలుస్తుంది. పాప నిద్రపోతుంటే అప్పుడే లేపండి. తల కొంచెం ఎత్తులో పెట్టి పాలివ్వండి. తాగకపోతే గిన్నెతో, చెంచాతో నీళ్లు పట్టండి. ఏడ్చినా కంగారు పడకండి, ఏడుపులో కూడా గుటకలు పడతాయి. పక్క సీటువాళ్లు ఏమనుకుంటారోనని నోరు మూయించే ప్రయత్నం మాత్రం చేయకండి.

జలుబుంటే ముక్కు వెనక వాపు వల్ల గొట్టం సరిగా తెరుచుకోదు. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు పాపను పిల్లల డాక్టరుకు చూపించి, చెవి లోపల చూడమని అడగండి. చెవిలో చీము పట్టి, జ్వరం ఉంటే తేదీ మార్చుకోవడమే మంచిది. మామూలు జలుబైతే దిగడానికి ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. ముక్కు దిబ్బడకు పెద్దవాళ్లు వాడే చుక్కలు పాపకు వేయొద్దు.

నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ ఒక్కటి చేతి సంచిలో ఉంటే చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున మీ పాపకు ఒక్క మోతాదు 120 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మి.లీ.లో 120 అని ఉంటే 5 మి.లీ. పోయాలి. 5 మి.లీ.లో 250 అని ఉంటే 2.4 మి.లీ. మాత్రమే. చుక్కల మందైతే సాధారణంగా ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది, అంటే 1.2 మి.లీ. ఈ మూడు సీసాలనూ ఒకేలా చెంచాతో కొలిచి పోసిన ఇళ్లను నేను చూశాను. సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలవండి. మళ్లీ ఇవ్వాలంటే కనీసం 4 నుంచి 6 గంటలు ఆగండి, రోజుకు నాలుగు సార్లు మించొద్దు.

ఇక దారిలో తిండి. మీకు నాలుగు గంటలుగా కనిపిస్తున్నది నిజానికి పది గంటల ప్రయాణం. తరిగొప్పుల నుంచి జనగామ మీదుగా శంషాబాద్ దాకా కారు, అక్కడ మూడు గంటల ముందు చేరాలి, ఆ తర్వాత విమానం. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకునేది ఎక్కువగా దారిలో తిన్నదాంతోనే. అలవాటైన తిండే పెట్టండి. ఉగ్గు పొడి గానీ, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గానీ పొడిగా తీసుకెళ్లి, కాచిన నీళ్లతో అప్పటికప్పుడు కలపండి. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి పాలు మామూలుకంటే ఎక్కువసార్లు ఇవ్వండి. పసిపిల్లల పాలకు, తిండికి 100 మి.లీ. నిబంధన వర్తించదు. తనిఖీలో విడిగా తీసి చూపిస్తే చాలు.

రెండేళ్ల లోపు పిల్లలకు ఒడిలో వేసే చిన్న బెల్టు ఉంటుంది, సిబ్బందిని అడగండి. మీ బెల్టులోనే పాపనూ కలిపి బిగించొద్దు. కుదుపు వస్తే మీ బరువంతా పాప మీద పడుతుంది.

మరొక్క మాట, తట్టు టీకా. మన దగ్గర ఎంఆర్ టీకా తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. విదేశాలకు వెళ్లే పిల్లలకు ఆరు నెలలు దాటితే ముందుగా ఒక మోతాదు వేయడం కూడా ఉంది. అది అదనం, వేయాల్సిన మోతాదులు తర్వాత మళ్లీ వేయించాల్సిందే. టీకాల కార్డు తీసుకుని ఏఎన్‌ఎం దగ్గరికి గానీ, పిల్లల డాక్టరు దగ్గరికి గానీ ఈ వారమే వెళ్లండి.

ప్రశ్న: మా బిడ్డ రెండున్నరేళ్ల కొడుకుతో అమెరికా పోతోంది. వాడు ఒక్కచోట కూర్చోడు. జాజికాయ అరగదీసి నాకిస్తే, లేకపోతే జలుబు సిరప్ ఒక చెంచా పోస్తే పడుకుంటాడంటున్నారు. పోయొచ్చా? – జనగామ

జవాబు: వద్దు పెద్దమ్మా. రెండూ వద్దు. మత్తులో ఉన్న పిల్లవాడు గుటక వేయడు, దిగేటప్పుడు చెవి నొప్పితో లేచి అరుస్తాడు. అంతకన్నా పెద్ద భయం ఊపిరిది. జాజికాయ ఎంత అరిగింది, ఎంత లోపలికి పోయింది అనే లెక్క ఎవరికీ ఉండదు, మోతాదు మించితే విషమే. జలుబు సిరప్‌లలో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ తాగి పసివాళ్లు చనిపోయిన సంగతి మీరూ వినే ఉంటారు. ఇంకో సంగతి, కొందరు పిల్లలు ఈ మందులు తాగితే నిద్రపోకపోగా ఇంకా ఎక్కువ ఎగురుతారు.

వాణ్ని కూర్చోబెట్టాలన్న పట్టుదల మానుకోండి. ఎక్కే ముందు ఎయిర్‌పోర్టులో బాగా పరుగెత్తనివ్వండి. నడిచే దారి పక్క సీటు తీసుకుని, బెల్టు గుర్తు ఆరినప్పుడల్లా మీ అమ్మాయి వాణ్ని నడిపించాలి. వాడు ఎప్పుడూ చూడని చిన్న చిన్న బొమ్మలు నాలుగైదు కొని దాచి, గంటకొకటి తీయాలి. రెండేళ్లు దాటాడు కాబట్టి సీటు వాడిదే, బెల్టూ వాడిదే. పల్లీలు, పుట్నాలు, పల్లిపట్టి సంచిలో పెట్టకండి. కుదుపులో గొంతుకు అడ్డం పడితే ఆకాశంలో ఆసుపత్రి ఉండదు. దిగేటప్పుడు గ్లాసులో నీళ్లిచ్చి గుక్కగుక్కగా తాగించాలి.

అక్కడికి చేరాక నాలుగైదు రోజులు అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతాడు. కొంచెం పెట్టి, దీపాలు తగ్గించి పడుకోబెట్టమనండి. పొద్దున్నే ఎండలో తిప్పితే నిద్ర తొందరగా గాడిలో పడుతుంది.

ప్రశ్న: మా బాబుకు ఆరు నెలలు. గుండెలో రంధ్రం ఉందన్నారు. ఢిల్లీ విమానంలో తీసుకెళ్లొచ్చా? – భూపాలపల్లి

జవాబు: తమ్ముడూ, పైన తరిగొప్పుల చెల్లెకు చెప్పిన ఊటీ మాట మీ బాబుకు వర్తించదు. విమానంలో అందే ఆక్సిజన్ నేలమీదకన్నా తక్కువ. 2023లో రాంచీ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పుట్టుకతో గుండె జబ్బున్న ఆరు నెలల బిడ్డకు ఊపిరి అందలేదు. అదే విమానంలో డాక్టర్ చదివిన ఐఏఎస్ అధికారి నితిన్ కులకర్ణి, మరో డాక్టరు ఉండటంతో ఆక్సిజన్ ఇచ్చి దిగేదాకా కాపాడారు. మీ విమానంలో డాక్టరు ఉంటారని నమ్ముకుని ఎక్కలేం.

అన్ని రంధ్రాలూ ఒకటి కావు. చిన్నది, బాబు బరువు పెరుగుతున్నాడు, పాలు తాగేటప్పుడు ఆయాసం లేదు అంటే చాలాసార్లు వెళ్లనిస్తారు. పెదాలు నీలంగా మారుతున్నా, పాలు తాగుతూ చెమట పడుతున్నా, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిందని రిపోర్టులో రాసినా టికెట్ కొనకండి. ముందు పిల్లల గుండె డాక్టరును కలిసి, ప్రయాణం చేయవచ్చన్న సర్టిఫికెట్ రాయించుకోండి. ఆక్సిజన్ కావాలంటే విమాన సంస్థకు ముందే చెప్పాలి, ఎక్కే రోజు అడిగితే ఇవ్వరు. ఎకో రిపోర్టును లగేజీలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి.