ఒక "వెళ్తాను"కి నాలుగు ఇంగ్లీషులు

తెలుగులో "వెళ్తాను" అనే మాట రెండు పనులు చేస్తుంది. "రోజూ లైబ్రరీకి వెళ్తాను" అంటే అలవాటు; "రేపు వెళ్తాను" అంటే భవిష్యత్తు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ గార్లు 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ రెండింటినీ కలిపి ఒకే క్రియారూపంగా చూపారు. ఇంగ్లీషులో ఆ సౌలభ్యం లేదు. అందుచేత మన విద్యార్థులు భవిష్యత్తు అనగానే "విల్" తగిలించేసి ఊరుకుంటారు. వాక్యం చెల్లుతుంది గాని, చెప్పదలచుకున్న అర్థం మారిపోతుంది.

నేను క్లాసులో చెప్పే సూత్రం ఒక్కటే. పని ఎప్పుడు జరుగుతుందని కాదు, నిర్ణయం ఎప్పుడు జరిగిందని అడగండి.

1. అప్పటికప్పుడు అనుకున్నది: "చాక్‌పీసు లేదే!" అనగానే "ఐ విల్ బ్రింగ్ వన్" అంటాం. ఇది మన "తెస్తానుండండి" వంటిది. మాట ఇవ్వడానికీ "విల్" వాడతారు.

2. ముందే అనుకున్నది: "ఐ యామ్ గోయింగ్ టు అప్లై ఫర్ ఎ బ్యాంక్ జాబ్." కళ్లెదుట సూచన ఉన్నా ఇదే. మబ్బులు చూసి "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్" అంటే మన "వానొచ్చేట్టుంది" అన్నమాట.

3. ఏర్పాటు పూర్తయినది: టిక్కెట్టు కొన్నాక "ఐ యామ్ లీవింగ్ ఆన్ మండే." మనమూ "సోమవారం వెళ్తున్నాను" అనే అంటాం గదా!

4. టైంటేబులు ప్రకారం జరిగేది: "ది ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్."

మరి "షల్" సంగతేమిటి? "ఐ, వుయ్"లకు షల్, మిగిలినవాటికి విల్ అనే నియమాన్ని జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో పెట్టాడు. ఇప్పుడు మాటల్లో "షల్" ఎక్కువగా ఏదైనా చేస్తామని ప్రతిపాదిస్తూ ఎదుటివారి అభిప్రాయం అడగడానికే మిగిలింది. "షల్ ఐ ఓపెన్ ది విండో?" అంటే "కిటికీ తెరవమంటారా?" అని.

ఇంకొకటి. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనకూడదు; "ఇఫ్ ఇట్ రెయిన్స్, ది మ్యాచ్ విల్ స్టాప్" అనాలి. ఇక్కడ తెలుగే మనకు దారి చూపుతుంది. "వానొస్తే ఆట ఆగిపోతుంది" అన్నప్పుడు "వస్తే"లో భవిష్యత్ ప్రత్యయమేదీ లేదు.

ఈ తేడాలు మార్కుల కోసమే కాదు. ఇంటర్వ్యూలో "డిగ్రీ తర్వాత ఏం చేస్తావు?" అని అడుగుతారు. "ఐ విల్ డూ ఎమ్.ఎ." అంటే ఆ కుర్చీలో కూర్చున్నాకే తోచినట్టు వినిపించవచ్చు. "ఐ యామ్ గోయింగ్ టు డూ ఎమ్.ఎ." అంటే ముందునుంచీ ఉన్న సంకల్పం. "ఐ యామ్ డూయింగ్ ఎమ్.ఎ. ఫ్రమ్ జూన్" అంటే సీటు చేతికొచ్చినట్టే, రాకుండా అంటే అబద్ధమవుతుంది. ఇంకా తేలని వాళ్లకు "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ డూయింగ్ ఎమ్.ఎ." ఉంది, అంటే మన "చేద్దామనుకుంటున్నాను". అలా చెప్పడం చిన్నతనమేమీ కాదు. మీ నిర్ణయం ఎంతవరకు వచ్చిందో అంతవరకే చెప్పండి. దానికి తగిన రూపం ఇంగ్లీషులో ఉంది.