ఉష్ణస్నానశాలలో వాయుప్రసరణ

హమాం అనగానే మనకు స్ఫురించునది గోల్కొండ సమీపమున కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని పురాతన స్నానశాల. మేము ఇచట ప్రస్తావింపబూనినది దానికి దూరపు బంధువైన ఫిన్లాండు సౌనా. హమాం తడి గది, సౌనా పొడి గది. పొయ్యిపై రాళ్లను కాచి గదిని 80, 90 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వేడిచేసి, నడుమ నడుమ గరిటెడు నీళ్లు చల్లుదురు. ఆ దేశపు సౌనా సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చినది.

ఇట్టి గదిని కట్టించువారు, వేడి పోవునను భయముతో, కంతలన్నియు మూసివేయుటకు చూతురు. విద్యుత్ పొయ్యి ప్రాణవాయువును హరింపదు, నిజమే. కాని లోపల కూర్చున్నవారి నిశ్వాసము ఎటు పోవును? తల దిమ్మెక్కును, ఆయాసము కలుగును, అదంతయు వేడి మహిమ యనుకొందురు! కట్టెల పొయ్యియైనచో కార్బన్ మోనాక్సైడు వలన ప్రాణభయము కూడ కలదు.

వేడిగాలి నడక తెలిసిన గాని గవాక్షముల స్థానము తెలియదు. 27 డిగ్రీల గాలి కెల్విన్ మానమున 300, 87 డిగ్రీలది 360. కావున లోపలి గాలి బయటి గాలికంటె ఆరవ వంతు తేలిక. అది పైకప్పు చేరును. బయటికి పోవు దారిని పైకప్పుననే పెట్టినచో వేడి సరాసరి వెడలిపోయి, స్నానార్థి పాదములు చల్లబడును. అందుచే లోనికి వచ్చు దారి పొయ్యి చెంత నేలకు దగ్గరగాను, పోవు దారి ఎదుటి గోడలో బల్ల క్రిందను ఉండవలెను. ఈ రెండవ దానినుండి గోడవెంబడి ఒక గొట్టమును పైకి నడిపి బయటికి విడువవలెను.

2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు గల గదిలో 8.4 ఘనమీటర్ల గాలి పట్టును. గంటకు 6 మారులు గాలి మారవలెనన్నచో సుమారు 50 ఘనమీటర్లు కావలెను. గాలి సెకనుకు ఒక మీటరు వేగమున సాగిన, 10 సెంటీమీటర్లకు 14 సెంటీమీటర్ల గవాక్షము చాలును.

జీడిమెట్ల వంటి చోట వేరొక చిక్కు గలదు. రసాయన, ఔషధ కర్మాగారములున్న పారిశ్రామిక వాడ ప్రక్కన బయటిగాలి అన్ని దిక్కుల ఒకటిగా నుండదు. స్నానార్థి పీల్చునది ఆ గాలినే. సన్నని జాలి ధూళిని ఆపును గాని రసాయనపు ఆవిరిని ఆపజాలదు. కనుక వీధివైపు, జనరేటరువైపు, మరుగుదొడ్డివైపు గాక, శుభ్రముగానున్న ప్రక్కనుండి గాలి తీసికొనవలెను. గదిని ఎచట కట్టవలెనను నిర్ణయమునకు ముందే ఈ పరిశీలన జరుగవలెను. గోడలు లేచిన పిదప చేయగలిగినది స్వల్పము.

స్నానము ముగిసిన పిమ్మట పైకప్పు దగ్గర మూతగల మరొక కంతను తెరచి చెక్కను ఆరనీయవలెను. వానకాలమున బయటిగాలియే తేమగా నుండును గనుక, పొయ్యిని మరికొంతసేపు మండనిచ్చి అటుపిమ్మట ఆర్పుట మేలు.