మేడమీది ఎండకు లెక్క ఎంత?

పక్కింటివారు మేడమీద సౌర ఫలకాలు పెట్టించారు. వారి కరెంటు బిల్లు బాగా తగ్గిపోయింది. "అప్పు చేసైనా మనమూ పెట్టిద్దామా?" అని మీ నాన్నగారు అడిగారనుకోండి. మీరేం చెబుతారు? ఎండ ఉచితమే గాని, దాన్ని విద్యుత్తుగా మార్చే పరికరాలు ఉచితం కావు. కాబట్టి ముందుగా లెక్క వేద్దాం. కూడికలు, గుణకారాలు, ఒక్క భాగహారం వస్తే చాలు.

ఫలకం ఎంత ఇస్తుంది?

సౌర ఫలకంలో సిలికాన్ ఘటాలు ఉంటాయి. వాటిపై కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్లు కదిలి విద్యుత్తు పుడుతుంది. ఒక కిలోవాటు ఫలకాలు గంటసేపు పూర్తి శక్తితో పనిచేస్తే ఒక యూనిట్ విద్యుత్తు వస్తుంది. అయితే ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది. వానాకాలంలో మబ్బులు అడ్డు వస్తాయి. ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. ఫలకం వేడెక్కినకొద్దీ ఉత్పత్తి కొంత తగ్గుతుంది. దానికి కావలసింది వెలుగే గాని వేడి కాదు! ఇవన్నీ కలిపి ఏడాది సగటు చూస్తే, మన ప్రాంతంలో కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్లు వస్తాయి.

పగలు మనం వాడగా మిగిలిన విద్యుత్తు వీధి లైనులోకి పోతుంది. రాత్రి లైను నుంచి మనం తీసుకుంటాం. ఈ రెండింటి తేడాను నెట్ మీటరు లెక్కిస్తుంది.

రెండు ఇళ్ల కథ

కరెంటు యూనిట్లన్నిటికీ ఒకే ధర ఉండదని మీకు తెలుసు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు ప్రకటించిన రేట్లను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ. 1.90, తరువాత 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75. ఇతర చార్జీలను వదిలేద్దాం.

మొదటి ఇల్లు నెలకు 300 యూనిట్లు వాడుతుంది. బిల్లు రూ. 1,673. ఇక్కడ 2 కిలోవాట్ల ఫలకాలు పెడితే 240 యూనిట్లు వస్తాయి. మిగిలిన 60 యూనిట్లకు కట్టవలసింది రూ. 147 మాత్రమే. నెలకు ఆదా రూ. 1,526, ఏడాదికి సుమారు రూ. 18,300.

రెండో ఇల్లు 100 యూనిట్లే వాడుతుంది. బిల్లు రూ. 304.50. ఒక కిలోవాటు పెడితే బిల్లు పూర్తిగా పోతుంది. అయినా ఏడాదికి ఆదా రూ. 3,654 మాత్రమే!

ఇక ఖర్చు చూద్దాం. కిలోవాటుకు రూ. 60,000 అవుతుందనుకుందాం. 2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు, కిలోవాటుకు రూ. 30,000 చొప్పున రాయితీ ప్రకటించారు. అది పోగా మొదటి ఇంటి ఖర్చు రూ. 60,000, రెండో ఇంటి ఖర్చు రూ. 30,000. ఖర్చును ఏడాది ఆదాతో భాగించండి. మొదటి ఇంటికి పెట్టుబడి సుమారు 3 సంవత్సరాల 3 నెలల్లో తిరిగి వస్తుంది. రెండో ఇంటికి 8 ఏళ్లు దాటుతుంది.

ఎందుకింత తేడా? సౌర విద్యుత్తు బిల్లును పైనుంచి కోస్తుంది. ముందుగా పోయేవి ఎక్కువ ధర గల యూనిట్లు. మొదటి ఇంటికి అవి ఉన్నాయి, రెండో ఇంటికి లేవు.

మరచిపోకూడనివి

ఫలకాలు సుమారు 25 ఏళ్లు పనిచేస్తాయి. ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారి మార్చవలసి రావచ్చు. అప్పు చేస్తే వడ్డీనీ ఖర్చులో కలపాలి. కొబ్బరిచెట్టు నీడ పడినా, దుమ్ము పేరుకున్నా ఉత్పత్తి తగ్గుతుంది.

మీరే చేయండి

నెలకు 200 యూనిట్లు వాడే ఇంటిపై ఒక కిలోవాటు పెడితే పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? (జవాబు: సుమారు 3 సంవత్సరాల 10 నెలలు.) తరువాత మీ ఇంటి పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకొని, ఇప్పటి రేట్లతో ఇదే లెక్క చేయండి. అప్పుడు నాన్నగారికి ధైర్యంగా జవాబు చెప్పగలరు. ఆ జవాబు "ఇప్పుడు వద్దు" అయినా సరే!