జిరాఫీ మెడలోని చుట్టుదారి

ప్రకృతిలోని పొందికను చూచి మనము అబ్బురపడుదుము. కాని జీవుల పూర్వచరిత్రను తెలిసికొనగోరు విద్యార్థి పొందికకంటె వింతలనే ఎక్కువ శ్రద్ధతో పరిశీలింపవలెను. అట్టి వింత నొకదానిని ఇచట వివరింతుము.

మెదడునుండి స్వరపేటికకు ఆజ్ఞలు కొనిపోవు నాడి యొకటి కలదు. మానవునిలో ఈ రెంటి నడుమ దూరము జానెడుకు మించదు. అయినను ఎడమవైపు నాడి తిన్నగా పోక, మెడగుండ ఛాతీలోనికి దిగి, గుండెనుండి వెలువడు బృహద్ధమనిని క్రిందుగా చుట్టి, మరల పైకి వచ్చి స్వరపేటికను చేరును. పెద్ద జిరాఫీలో ఈ ప్రయాణము సుమారు 4 మీటర్లు!

ఇట్టి దారి ఏల ఏర్పడెను? సమాధానము చేపలో లభించును. చేపకు మెడ లేదు; గుండె మొప్పల చెంతనే యుండును. అచట ఈ నాడికి మూలమైన శాఖ మొప్పల రక్తనాళము వెనుకగా పోయినను దగ్గరిదారినే గమ్యము చేరును. చేపలవంటి పూర్వికులనుండి నేలపై బ్రతుకు జీవులు పరిణమించిన కొలది మెడ సాగెను, గుండె ఛాతీలోనికి దిగెను. రక్తనాళము వెనుక చిక్కిన నాడియు దానితోపాటు దిగి పొడవాయెను. మానవ పిండములో సైతము గుండె తొలుత మెడ చెంతనే యుండి, పిమ్మట క్రిందికి దిగును.

పరిణామము పాత ఇంటికే గదులు చేర్చు గృహస్థువంటిది. పునాది తీసి క్రొత్త ఇల్లు కట్టదు. మానవుని మెడలో వెన్నుపూసలు 7, ఎలుక మెడలో 7, అంత పొడవైన జిరాఫీ మెడలోను 7 మాత్రమే. పూసలు సాగినవి గాని సంఖ్య మారలేదు.

ఇట్టి పూర్వపు ఆనవాళ్లన్నియు నిరుపయోగములని వ్రాయుట సరికాదు. తిమింగలము దేహములోని చిన్న కటి ఎముకలు నడకకు ఉపకరింపవు. అయినను జననేంద్రియముల కండరములకు ఆధారమగుచున్నవి. ప్రయోజనము మారినను పూర్వచరిత్ర చెరగదు.

ఇది పుస్తకములకే పరిమితమైన విషయము కాదు. ఛాతీలో బృహద్ధమని ఉబ్బినపుడు ఈ నాడి ఒత్తిడికి లోనై గొంతు బొంగురుపోవచ్చును. ఎన్నాళ్లకును తగ్గని బొంగురుగొంతుతో వచ్చిన రోగికి గొంతు మాత్రమే చూచి పంపివేసినచో అసలు వ్యాధి తెలియకపోవచ్చును. విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులగుదురు. నాడి పేరును కంఠస్థము చేసి ఊరకుండక, అది ఆ దారిన ఏల పోయినదో కూడ ప్రశ్నింపుడు.